ఇంట్లో యోగా సాధనకు ఒక చోటు ఎలా సిద్ధం చేసుకోవాలి

ఇంట్లో యోగాకు ప్రత్యేకంగా ఒక చోటు ఉండాలనే ఆలోచన రాగానే మనసు కొనుగోళ్ల మీదికి పోతుంది. మ్యాట్, దీపాలు, గోడకు అతికించే బొమ్మలు, మూలన పెట్టే విగ్రహం, చిన్న మొక్కల తొట్టి. ఇవన్నీ వచ్చి చేరాక కాళ్లు చాపుకోవడానికి చోటు మిగలదు. ఈ పనిలో కొనాల్సినవి చాలా తక్కువ, తీసేయాల్సినవే ఎక్కువ. మీకు కావలసింది రెండే: ఎటు తిరిగినా, ఎటు వాలినా ఒంటికి ఏదీ తగలనంత ఖాళీ; మధ్యలో మరో పని పెట్టుకోకుండా నేరుగా వెళ్లి నిలబడగలిగే వీలు. ఈ రెండూ కుదిరితే అలంకరణ ఏదీ లేకపోయినా అది సాధనా స్థలమే.

ఈ ఆలోచన చాలా పాతది. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక సాధకుడి గది ఎలా ఉండాలో వివరిస్తుంది. చుట్టూ ఒక ధనుస్సు మేర, అంటే నాలుగు మూరల దూరం, రాళ్లు, నిప్పు, నీరు ఉండకూడదు. తలుపు చిన్నదిగా ఉండాలి. గుంటలు, కన్నాలు ఉండకూడదు. గది మరీ ఎత్తుగానో మరీ పల్లంగానో ఉండకూడదు. పురుగూ పుట్రా చేరకూడదు. ఆ జాబితాలో ఎక్కువ భాగం ఉండకూడనివే కావడం గమనించండి. నాలుగు మూరలంటే సుమారు ఆరడుగులు. ఇప్పటి మామూలు యోగా మ్యాట్ పొడవూ దాదాపు అంతే.

మొదట చోటు వెతకండి

ఇల్లంతా ఒకసారి తిరిగి, మ్యాట్ పట్టే ప్రతి చోటునూ గుర్తించండి. విడిగా గది ఉండాలన్న నియమం ఏమీ లేదు. మంచానికీ గోడకూ మధ్య ఉన్న సందు, హాలులో కిటికీ పక్కన మిగిలిన జాగా, పై కప్పు ఉన్న బాల్కనీ, పుస్తకాల అలమర ముందు ఖాళీ, ఏదైనా సరే. ఒక్కో చోట నిలబడి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ సాధన మొదలుపెట్టాలంటే రోజూ ఏమేం జరపాలి? నేను కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు ఎవరైనా నన్ను దాటుకుంటూ వెళ్లాల్సి వస్తుందా? నేను సాధన చేసే వేళకు ఇక్కడ వెలుగు, గాలి ఎలా ఉంటాయి?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. హాలు మధ్యలో విశాలమైన జాగా ఉన్నా, రోజూ బల్ల పక్కకు జరిపి, రెండు కుర్చీలు ఎత్తి, తివాచీ మడవాల్సి వస్తే కొన్నాళ్లకు సాధన ఆగిపోతుంది. మంచం పక్కన ఇరుకు సందైనా, మ్యాట్ పరిచే ఉంచగలిగితే లేవగానే కాలు దాని మీదే పడుతుంది. ఎంపిక ఈ రెండింటి మధ్య అయితే నేను ఇరుకు చోటే ఎంచుకోమంటాను. ఇరుకుకు తగ్గట్టు ఆసనాల దిశ మార్చుకోవచ్చు. రోజూ సామాను జరిపే ఓపికను మాత్రం పెంచుకోవడం కష్టం.

రెండో ప్రశ్న కూడా చిన్నది కాదు. తలుపు తెరుచుకునే మేరలోనూ, వంటగదికీ స్నానాల గదికీ మధ్య నడిచే దారిలోనూ మ్యాట్ వేయకండి. శవాసనంలో, అంటే వెల్లకిలా కదలకుండా పడుకునే విశ్రాంతి ఆసనంలో, ఉన్నవారి తల దగ్గర అడుగుల చప్పుడు వినిపిస్తే శరీరం బిగుసుకుంటుంది. ఎవరూ రారని తెలిస్తేనే అది పూర్తిగా వదులవుతుంది.

తర్వాత కొలవండి

మామూలు మ్యాట్ పొడవు 173 నుంచి 183 సెంటీమీటర్లు, వెడల్పు 61 సెంటీమీటర్లు. అంటే దాదాపు ఆరడుగులు, రెండడుగులు. కానీ మ్యాట్ పట్టింది కదా అని చోటు సరిపోయినట్టు కాదు. చేతులు బారగా చాస్తే ఒక కొస నుంచి మరో కొసకు దూరం ఇంచుమించు మీ ఎత్తంత ఉంటుంది. వెల్లకిలా పడుకుని చేతులు తల వెనక్కి చాపితే మీ ఎత్తు మీద అడుగున్నర దాకా అదనం. అందుకే సుఖంగా ఉండాలంటే పొడవు మీ ఎత్తుకు రెండడుగులు, వెడల్పు మీ ఎత్తుకు ఒక అడుగు కలిపి చూసుకోండి.

అంత వెడల్పు దొరకకపోతే నిరుత్సాహపడకండి. త్రికోణాసనం, వీరభద్రాసనం వంటి నిలబడి చేసే వాటిలో కాళ్లూ చేతులూ మ్యాట్ పొడవు వెంబడే చాపుతాం కాబట్టి వాటికి వెడల్పు పెద్దగా అక్కరలేదు. పడుకుని నడుము మెలిపెట్టే ఆసనాల్లోనే చేతులు పక్కలకు పోతాయి. అక్కడ మోచేతుల దగ్గర మడిచి పెట్టుకుంటే సరిపోతుంది. మ్యాట్‌కు రెండు వైపులా ఒక్కో అడుగు ఖాళీ మాత్రం తప్పనిసరి. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు తూలితే కాలు పెట్టడానికి ఆ అడుగే ఆధారం.

టేపుతో కొలవడం కన్నా ఒంటితో కొలవడం నమ్మకమైన పద్ధతి. అనుకున్న చోట నిలబడి, చేతులు భుజాల ఎత్తున చాచి, నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. ఒక కాలు వెనక్కి లేపి, తర్వాత పక్కకు లేపి చూడండి. వెల్లకిలా పడుకుని చేతులను తల వెనుక నుంచి తొడల దాకా నేల మీదే అర్ధవలయంగా తిప్పండి. పడుకుని కాళ్లను తల మీదుగా వెనక్కి నేలకు ఆనించే హలాసనం చేసేవారు తల వెనుక తమ కాళ్ల పొడవంత జాగా ఉందో లేదో చూసుకోవాలి. ఎక్కడ ఏ మూల తగులుతుందో ఈ కాసేపట్లో తెలిసిపోతుంది.

పైకి కూడా చూడండి. చేయి నిటారుగా ఎత్తితే వేలి కొస మీ ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్లు అందుతుంది. ఆరడుగుల మనిషి చేయి దాదాపు ఏడున్నర అడుగులు అందుతుందన్న మాట. మ్యాట్‌ను సరిగ్గా సీలింగ్ ఫ్యాను కిందికి వచ్చేలా ఎప్పుడూ వేసుకోకండి. మునివేళ్ల మీద లేచి చేతులు పైకి చాపినా పైన ఇంకా ఒక జానెడు ఖాళీ కనిపించాలి. వేలాడే దీపాలు, అలమరల తెరుచుకునే తలుపులు, కిటికీ రెక్కలు కూడా లెక్కలోకి వస్తాయి.

కొలత అయ్యాక సామాను శాశ్వతంగా జరిపేయకండి. సులువుగా ఊడివచ్చే కాగితపు టేపుతో నేల మీద హద్దులు గీసి, ఒక వారం ఆ హద్దుల్లోనే సాధన చేసి చూడండి. పొద్దున ఎండ కళ్లలో పడుతుందా, పక్క గది చప్పుడు ఎంత వినిపిస్తుంది, నేల చల్లదనం ఎలా ఉంది అన్న సంగతులు కొలతల్లో కనబడవు. వారం తర్వాత హద్దును అడుగు ఇటో అటో జరపాలనిపిస్తే అప్పుడు జరపడం తేలిక.

నేల

సమతలంగా, గట్టిగా ఉన్న నేల కావాలి. ఒక చిన్న గోలీ వదిలి చూడండి. అది వేగంగా ఒక వైపుకే దొర్లిపోతుంటే అక్కడ వాలు ఉన్నట్టే. కొద్దిపాటి వాలు తప్పనిసరైతే, పడుకున్నప్పుడు తల పై వైపుకు ఉండేలా మ్యాట్ వేయండి.

చెక్క నేల అన్నిటికన్నా హాయి. పలకలు, పాలరాయి, సిమెంటు గట్టిగా, చల్లగా ఉంటాయి. వాటి మీద మ్యాట్ కింద పలుచని నూలు జంపఖానా వేస్తే చల్లదనం తగ్గుతుంది, కానీ అది జారకుండా చూసుకోవాలి. నున్నటి పలకల మీద బట్ట వేసి, దాని పైన మ్యాట్ పరిస్తే రెండూ కలిసి జారతాయి. కాబట్టి నిలబడి చేసే ఆసనాలకు మ్యాట్ నేరుగా నేల మీద ఉండాలి. కూర్చుని, పడుకుని చేసేవాటికి మ్యాట్ పైన దుప్పటి పరుచుకోవచ్చు. భగవద్గీత ఆరో అధ్యాయం ధ్యానానికి కూర్చునే చోటు స్థిరంగా, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకుండా ఉండాలనీ, దర్భ, జింక చర్మం, వస్త్రం పొరలుగా ఉండాలనీ చెబుతుంది. చల్లని నేలకూ ఒంటికీ మధ్య పొరలు ఉండాలన్న అవసరం అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

మందపాటి తివాచీ మెత్తగా ఉంటుంది కదా అని దాని మీదే సాధన చేసేవారు ఉన్నారు. కానీ ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో పాదం కుదురుకోదు, చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో అరచేయి లోపలికి దిగి మణికట్టు మరింత వంగుతుంది. పరుపు మీద చేయడం ఇంకా కష్టం. తివాచీ తీయడం కుదరకపోతే దాని మీద పలుచని గట్టి చెక్క పలక వేసి, ఆ పలక మీద మ్యాట్ పరవండి; పలక కదలకుండా ఉందో లేదో ముందు ఒక కాలు పెట్టి చూడండి.

మ్యాట్ ఎంపిక

ఈ చోటు కోసం కొనే ఒకే ఒక్క వస్తువు ఏదైనా ఉంటే అది మ్యాటే. మందం నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలామందికి సరిపోతుంది. పది మిల్లీమీటర్లు దాటిన మెత్తటి మ్యాట్లు మోకాళ్లకు హాయిగానే ఉంటాయి కానీ ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు పాదం ఊగుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారు మందపాటి మ్యాట్ కొనడం కన్నా, మామూలు మ్యాట్ మీద మోకాలి కింద మడిచిన దుప్పటి పెట్టుకోవడం మేలు. కావలసిన చోట మెత్తన, మిగతా చోట గట్టిదనం రెండూ దక్కుతాయి. ఎత్తైనవారు 200 సెంటీమీటర్లు దాటిన మ్యాట్ వెతుక్కోవాలి. శవాసనంలో తల ఒక కొసన, మడమలు నేల మీద పడి ఉంటే ఆ చలి మనసును అక్కడికే లాగుతుంది.

ఇక దేనితో చేసినది కొనాలి? పీవీసీ మ్యాట్ ఎక్కువ కాలం మన్నుతుంది, తుడవడం సులువు. కొత్తలో వాసన వస్తుంది. పై పొర కాస్త నున్నగా ఉండి చేతులు జారుతాయి. ఒకటి రెండు సార్లు తుడిచి, గాలికి ఆరబెట్టి వాడుతుంటే రెండూ తగ్గుతాయి. సహజ రబ్బరు మ్యాట్ మీద పట్టు చాలా బాగుంటుంది, కానీ బరువెక్కువ. ఎండలో పెడితే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. లేటెక్స్ అలర్జీ ఉన్నవారు దాని జోలికి వెళ్లకూడదు. టీపీఈ అనే రకం తేలికగా ఉంటుంది, త్వరగా అరుగుతుంది. నూలు, జనపనార మ్యాట్లు చెమట పీల్చుకుంటాయి, ఉతకడం సులువు, ప్రాణాయామానికి, ధ్యానానికి చక్కగా కుదురుతాయి. పొడి అరచేతులతో నిలబడి చేసే ఆసనాలకు మాత్రం జారతాయి. పై పొర బెరడుతో చేసినవి తడి తగిలితే పట్టు పెరిగే రకం కాబట్టి చెమట ఎక్కువ పట్టేవారికి అనువు.

దుకాణంలో పరీక్షించే అవకాశం ఉంటే మ్యాట్‌ను నేల మీద పరిచి అధోముఖ శ్వానాసనంలో కాసేపు నిలవండి. చేతులు ముందుకు, పాదాలు వెనక్కి జారుతుంటే దాన్ని వదిలేయండి. రంగు గురించి ఒక్క మాట: గాఢమైన బొమ్మలు, మెరిసే చుక్కలు ఉన్నవాటి కన్నా ఒకే రంగుది మంచిది. ముందుకు వంగినప్పుడల్లా కళ్లు చూసేది దాన్నే.

ఒక ఖాళీ గోడ

సాధనకు గోడ ఎంత పనికొస్తుందో చాలామందికి తెలియదు. అవకాశం ఉంటే మ్యాట్ ఒక కొస ఖాళీ గోడకు ఆనేలా చోటు ఎంచుకోండి. కనీసం ఒక మీటరు వెడల్పున, నేల నుంచి మీ చేయి అందేంత ఎత్తు వరకూ ఆ గోడ మీద ఏమీ ఉండకూడదు: మేకు, ఫోటో, గడియారం, అలమర, స్విచ్చుల పెట్టె ఏదీ. గాజు పటం పెట్టిన గోడ కింద కాళ్లు పైకెత్తకూడదని విడిగా చెప్పనక్కరలేదు.

ఆ గోడతో ఏం చేయవచ్చు? మడమలు, పిరుదులు, భుజాలు ఆనించి నిలబడితే వెన్ను ఎటు వంగుతుందో అద్దం లేకుండానే తెలుస్తుంది. కొత్తగా వృక్షాసనం నేర్చుకునేవారు ఒక వేలితో ఆనుకోవచ్చు. త్రికోణాసనంలో వీపు గోడకు తాకేలా నిలబడితే ఛాతీ ముందుకు వాలిపోవడం ఆగుతుంది. విపరీతకరణిలో కాళ్లు గోడకు చేరవేసి పది నిమిషాలు పడుకోవచ్చు. అలసిన రోజున మరేమీ చేయకుండా ఇది ఒక్కటే చేసినా తప్పు లేదు. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో పాదాలు గోడకు ఆనిస్తే అవి బయటికి వాలవు. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) గోడ, కుర్చీ, బెల్టు, చెక్క దిమ్మెల వంటి ఆధారాలతో వృద్ధులు, రోగులు సైతం ఆసనాలు వేయగలిగే పద్ధతిని విస్తారంగా రూపొందించారు. ఆయన పద్ధతి నేర్పే చోట గోడకు బిగించిన తాళ్లు కనిపిస్తాయి. అటువంటివి ఇంట్లో సొంతంగా బిగించకండి. మనిషి బరువంతా మోయాల్సిన కొక్కెం అది. గోడ ఎటువంటిదో తెలిసినవారే వేయాలి.

శీర్షాసనం, చేతుల మీద నిలబడటం వంటివి గోడ ఉంది కదా అని ఒంటరిగా నేర్చుకోవద్దు. అధిక రక్తపోటు, గ్లకోమా (కంటి జబ్బు), మెడ సమస్యలు ఉన్నవారు తలకిందుల ఆసనాలకు దూరంగా ఉండాలి. నేర్చుకున్నవారు కూడా చుట్టూ తమ ఎత్తంత దూరంలో బల్ల మూల, గాజు తలుపు, టీవీ వంటివి లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే పక్కకు ఒరిగితే పాదం పడేది సరిగ్గా ఆ దూరంలోనే.

గాలి

సాధనకు ముందు పది నిమిషాలు కిటికీ తెరిచి ఉంచండి. రాత్రంతా మూసి ఉన్న పడకగదిలో మనం వదిలిన గాలే నిండి ఉంటుంది. లేచిన వెంటనే ఆ గాలిలో ప్రాణాయామం చేస్తే తల దిమ్ముగా అనిపించవచ్చు. ఎదురెదురుగా రెండు కిటికీలో, కిటికీ, తలుపో తెరిస్తే గాలి మారడానికి ఎక్కువ సేపు పట్టదు. బయట పొగ, దుమ్ము ఎక్కువ ఉండే వేళలైతే ముందే తెరిచి, సాధన మొదలయ్యేసరికి మూసేయండి.

ఫ్యాను, ఏసీ గాలి నేరుగా ఒంటి మీద పడకూడదు. చెమట పట్టిన వీపుకు చల్లగాలి తగిలితే కండరాలు బిగుస్తాయి. ఫ్యానును గోడ వైపు తిప్పితే గాలి గది అంతా తిరుగుతుంది, మీ మీద విసురుగా పడదు. శవాసనం ముందు దాన్ని ఆపేయడమో తగ్గించడమో చేసి, పక్కనే ఉంచుకున్న దుప్పటి కప్పుకోండి. కదలకుండా పడుకున్నప్పుడు ఒళ్లు త్వరగా చల్లబడుతుంది.

అగరబత్తి గురించి గట్టిగా చెబుతాను. సువాసన ఇష్టమే కావచ్చు, కానీ అది పొగ. దీర్ఘంగా, లోతుగా ఊపిరి పీల్చే అరగంటలో మూసిన గదిలో పొగ పెట్టడం ఊపిరితిత్తులకు మేలు కాదు. ఉబ్బసం ఉన్నవారికి మరీ ఇబ్బంది. అంతగా కావాలనిపిస్తే సాధనకు గంట ముందు వెలిగించి, ఆరిపోయాక కిటికీ తెరవండి. రసాయన సువాసనల స్ప్రేలకూ ఇదే మాట.

వెలుగు

పగటి వెలుగు పక్కనుంచి రావడం ఉత్తమం. కిటికీకి ఎదురుగా నిలబడి పైకి చూసే ఆసనాలు చేస్తే కళ్లు చికిలించాల్సి వస్తుంది. అడ్డంగా మ్యాట్ వేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. పలుచని తెర ఒకటి ఉంటే ఎండ తీవ్రత తగ్గుతుంది, బయటివారికి లోపల కనిపించదు కూడా.

సాయంత్రం సాధన చేసేవారికి అసలు చిక్కు పైకప్పు దీపం. నిలబడ్డప్పుడు అది తెలియదు, వెల్లకిలా పడుకోగానే సరిగ్గా కళ్లలో పడుతుంది. గది మూలలో నేల దగ్గరగా ఒక చిన్న దీపం పెట్టి, గోడ మీద పడి తిరిగి వచ్చేలా తిప్పండి. బల్బు పెట్టె మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని రాసి ఉన్నవి వెచ్చని పసుపు వెలుగునిస్తాయి. పడుకునే ముందు సాధనకు అవే అనుకూలం. నూనె దీపం, కొవ్వొత్తి త్రాటకానికి, అంటే రెప్ప వేయకుండా జ్వాలను చూసే సాధనకు, తప్ప అవసరం లేదు. త్రాటకానికైతే జ్వాల కంటి ఎత్తున, చేయి చాపు దూరంలో ఉండాలి, గాలికి ఊగకూడదు, తెరలకు దూరంగా ఉండాలి. అది పూర్తవగానే ఆర్పేసి తర్వాతి పని మొదలుపెట్టండి. కళ్లు మూసుకున్న మనిషి పక్కన మండే జ్వాల ఉండకూడదు.

ఆధారాలు, వాటిని ఉంచే బుట్ట

రెండు దుప్పట్లు, ఒక గట్టి దిండు, ఒక బెల్టు, రెండు దిమ్మెలు, ఒక కుర్చీ. దాదాపు ఏ సాధనకైనా ఇంతకన్నా అక్కరలేదు, వీటిలో చాలావరకు ఇంట్లోనే దొరుకుతాయి. దుప్పట్లు మాత్రం ఒత్తుగా, మడిస్తే నిలబడేలా ఉండాలి. మెత్తని ఉన్ని రగ్గు కూర్చోగానే అణిగిపోతుంది. సుఖాసనంలో మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తుంటే మడిచిన దుప్పటి పిరుదుల కింద పెట్టండి, మోకాళ్లు దిగే వరకూ ఎత్తు పెంచండి. బెల్టు బదులు రెండు మీటర్ల నూలు గుడ్డ పట్టీ చాలు. దిమ్మెలు సాధారణంగా 23 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 10 ఎత్తు ఉంటాయి. నేలను అందుకోలేని చేతికి నేలను దగ్గర చేయడమే వాటి పని. పుస్తకాల దొంతరను వాటి బదులు వాడాలంటే తాడుతో గట్టిగా కట్టండి, విడిగా ఉంటే బరువు పడగానే జారిపోతాయి.

కుర్చీకి చక్రాలు ఉండకూడదు, చేతులు లేకపోతే మంచిది, నాలుగు కాళ్లూ నేలను సమంగా తాకాలి. పెద్దవారికి నేల మీద కూర్చుని లేవడం కష్టమైతే వారి సాధనా స్థలం ఆ కుర్చీయే. దాని వీపు గోడకు ఆనించి, కింద మ్యాట్ పరిచి, లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్కన మరో బరువైన ఆధారం ఉండేలా చూడండి.

ఇవన్నీ మ్యాట్ మీద నుంచి చేయి చాపితే అందే చోట ఒక బుట్టలో పెట్టండి. మధ్యలో లేచి అలమర తెరవాల్సి వస్తే ఆ దుప్పటి వాడరు, మోకాలి నొప్పిని ఓర్చుకుంటూ కూర్చుంటారు. బుట్టలో సాధనకు చెందనిది ఏదీ వేయకండి. ఇంట్లో ఖాళీ కనిపిస్తే సామాను నీరు పల్లానికి పారినట్టు అక్కడికే చేరుతుంది. ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు, పిల్లల బ్యాగు, ఇంకా తెరవని పార్శిలు. మొదటి వస్తువును మొదటి రోజే తీసేస్తే రెండోది రాదు. ఇంట్లోవారికి కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

తెర, అద్దం, ఫోను

వీడియో చూస్తూ చేసేవారు తెరను మ్యాట్‌కు ఎదురుగా, కూర్చున్నప్పటి కంటి ఎత్తున పెట్టుకోండి. అయినా ముందుకు వంగినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు తెర కోసం మెడ తిప్పాలనిపిస్తుంది. అక్కడే మెడ పట్టేస్తుంది. ముందు ఒకసారి కూర్చుని వీడియో పూర్తిగా చూసి, తర్వాత సాధన సమయంలో మాట మాత్రమే వింటూ చేయడం అలవాటు చేసుకోండి. ఫోనులో ఫ్లైట్ మోడ్ పెట్టి, పాఠాన్ని ముందే దింపుకుని ఉంచితే మధ్యలో కాల్స్ రావు.

అద్దం విషయంలో నాకు కచ్చితమైన అభిప్రాయం ఉంది: పక్క గోడకు ఉంటే ఉపయోగం, ఎదురుగా ఉంటే ధ్యాస చెడుతుంది. పక్కనుంచి చూస్తేనే మోకాలు మడమ మీద ఉందా, వీపు గూనిగా ఉందా అన్నది తెలుస్తుంది. అది కూడా సరిచూసుకునేటప్పుడు తప్ప, మిగతా సమయంలో గుడ్డ కప్పి ఉంచదగినదే. నేలకు ఆనించి నిలబెట్టిన అద్దం మాత్రం వద్దు. తప్పనిసరిగా గోడకు బిగించాలి.

చప్పుడు, ఇంట్లోవారు

పూర్తి నిశ్శబ్దం ఏ ఇంట్లోనూ దొరకదు. ఫ్యాను హోరు వంటి ఆగని శబ్దానికి చెవి త్వరగా అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి మోగే గంట, తలుపు చప్పుడే ధ్యానాన్ని విరిచేస్తాయి. మందపాటి తెరలు, గోడ పక్కన నిండుగా ఉన్న పుస్తకాల అలమర శబ్దాన్ని కొంత మింగుతాయి. పై అంతస్తులో ఉన్నవారు సూర్యనమస్కారాల్లో గెంతడం మాని కాళ్లు ఒక్కొక్కటిగా వెనక్కి పెడితే కింది ఇంటివారికీ ఇబ్బంది ఉండదు, మీ కీళ్లకూ మంచిది.

పిల్లలు, పెంపుడు జంతువులు మ్యాట్ మీదికి రావడం మామూలే. చిన్న పిల్లలకు పక్కనే ఒక చిన్న మ్యాట్ వేసి ఇవ్వండి. బ్యాలెన్సు ఆసనాలు, తలకిందులవి చేసేటప్పుడు మాత్రం తలుపు వేసుకోవడమే క్షేమం.

మ్యాట్ సంరక్షణ

సాధన ముగిశాక తడి గుడ్డతో చెమట తుడవండి. వారానికొకసారి నీళ్లలో ఒకటి రెండు చుక్కల తేలికపాటి సబ్బు కలిపి రెండు వైపులా తుడిచి, మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడవండి. సబ్బు మిగిలిపోతే మ్యాట్ జారుతుంది. నీడలో, గాలి తగిలేలా రెండు వైపులా పూర్తిగా ఆరాకే చుట్టాలి. తడిగా చుట్టిన మ్యాట్‌కు బూజు పడుతుంది. చుట్టేటప్పుడు పై వైపు బయటికి ఉండేలా చుడితే, మళ్లీ పరిచినప్పుడు అంచులు పైకి లేచి కాలికి తగలవు. ఒంటికి నూనె రాసుకుని దాని మీదికి వెళ్లకండి. నూనె రబ్బరును పాడు చేస్తుంది, పట్టూ పోతుంది. పరిచే ఉంచేవారు పైన ఒక పలుచని నూలు దుప్పటి కప్పితే దుమ్ము చేరదు. నేల కూడా రోజూ తుడవాలి, ఎందుకంటే ముక్కు నేలకు జానెడు దూరంలో ఉండే ఆసనాలు చాలానే ఉన్నాయి.

అరచేతులు, పాదాలు పడే చోట పొర లేచి ముక్కలు రాలుతున్నా, ఎంత తుడిచినా జారుతున్నా మ్యాట్ మార్చే సమయం వచ్చినట్టే. పాతదాన్ని పారేయకండి. ఇంకా బాగున్న భాగాన్ని చదరపు ముక్కలుగా కత్తిరించి మోకాళ్ల కింద, మోచేతుల కింద వేసుకోవచ్చు. చిన్న ముక్కలు కుర్చీ కాళ్ల కింద పెడితే నున్నటి నేల మీద కుర్చీ జారదు.